ముప్ఫై నాలుగో వారం

కారు షెడ్డు నుంచి వచ్చీసింది. సొట్టలు తీసి, రంగేసి, ముందు అద్దం కొత్తది బిగించి, ఏమీ జరగనట్టు తెచ్చి వాకిట్లో నిలబెట్టీసేరు. చూసినవాళ్లంతా "అబ్బ, కొత్తదానిలాగుంది బాబూ" అన్నారు. సత్యారావు కూడా చూసేడు. చూసి "ఊఁ" అన్నాడు. అయిదు నెలలుగా ఆయన ఏ సంగతికైనా అనేది ఆ ఒక్కమాటే. భార్య రాజ్యం పోయింది ఆ కార్లోనే. అలాంటి కారు మళ్లీ ఇంటికొస్తే మనిషన్నవాడికి ఏడుపు రావాలి, లేదా ఒళ్లు మండాలి, కనీసం అటు చూడలేక లోపలికి పోవాలి. ఈయనకి అవేవీ లేవు. ఎవరో గడ్డిమోపు తెచ్చి దింపినట్టు చూసేడంతే.

ఊళ్లోవాళ్లు దాన్ని గుండెదిటవు అన్నారు. దిటవూ లేదు, పాడూ లేదు. ఆయనకి గొంతులో ఒక మాట అడ్డంపడి ఉంది. అది పైకి రాదు, కిందకి దిగదు. అది అడ్డున్నంతకాలం అన్నం రుచి తెలీదు, నిద్ర తెలీదు, ఏడుపూ రాదు. ఆ మాటేటో ఇప్పుడే చెప్పుకుందాం, దాచి కథ నడపడం దేనికి?

సత్యారావుది చోడవరానికి కూతవేటు దూరంలో పల్లె. మూడెకరాల చెరుకు, ఎకరంన్నర వరి. కొడుకు ఉమామహేష్ విశాఖపట్నంలో ఒక రోడ్డు కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు, వారానికి రెండ్రోజులు ఇంటికొస్తాడు. కోడలు అశ్విని చోడవరంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. కారు కొన్నది ఏడేళ్ల కిందట. ఎత్తుగా, జీపులాగానూ కాక కారులాగానూ కాక ఉంటుంది. షోరూం కుర్రాడు దాన్ని క్రాసోవర్ అన్నాడు గానీ, ఇంట్లో అందరికీ అది పెద్దకారు. తోలేది అశ్వినే. సత్యారావుకి తోలడం రాదు. కానీ దానికి ఎప్పుడు గాలి పట్టాలి, ఎప్పుడు కడగాలి, ఎవరి పెళ్లికి తియ్యాలి అన్నది మాత్రం ఆయన చెప్పాల్సిందే. ఊరికే తిప్పితే పాడైపోతుందని రేకులషెడ్డులో దుప్పటి కప్పి ఉంచేవాడు. ఏడేళ్లలో పాతికవేల కిలోమీటర్లు కూడా తిరగలేదది.

మొన్న ఏప్రిల్లో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొస్తూ, చోడవరంలో అనకాపల్లి రోడ్డు మీద చంద్రమోహన్ టైర్ల షాపు దగ్గర గాలికి ఆగేరు. చంద్రమోహన్ గాలి పడుతూ టైరు మీద వేలు పెట్టి రాసేడు. "బాబూ, ఈ నాలుగూ మార్చీండి. రబ్బరు ఎండిపోయింది, సైడ్లు పగుళ్లిచ్చేసేయి" అన్నాడు.

సత్యారావు నవ్వేడు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి టైరు గాట్లో నిలబెట్టేడు. బిళ్ల సగం దాకా దిగింది. "ఇదిగో సూడు, గాట్లు ఇంకా కొత్తగుంటే మార్చీమంటావేటి? నాకు టైర్ల గురించి సెప్తన్నావా నువ్వు?"

ఆయన మాటలో ఆయనకి న్యాయం ఉంది. ఇరవై సీజన్లు పంచదార ఫ్యాక్టరీకి టైరుబండి మీద చెరుకు తోలిన మనిషి. టైరుబండంటే కర్రచక్రాలు తీసేసి పాత లారీటైర్లు వేసిన ఎడ్లబండి. లారీవాళ్లు పారేసిన టైర్లే వీళ్లకి కొత్త టైర్లు. గాట్లుంటే టైరుంది, గాట్లు పోతే టైరు పోయింది, అంతే లెక్క. ఒక జత పదిహేనేళ్లు లాగించేడు, ఒక్కనాడు పేలింది లేదు. అయితే ఎద్దు ఎంత వేగంతో నడుస్తుందో, మే నెల ఎండలో తారురోడ్డు మీద కారు ఎంత వేగంతో పోతుందో ఆయన ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. వయసుకి కూడా రబ్బరు చస్తుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినవాడి ముందు రూపాయి బిళ్ల పెట్టేడు.

స్టీరింగు దగ్గర కూచున్న అశ్విని ఇదంతా విన్నది. దారిలో మెల్లిగా అంది, "మావయ్యా, మార్చీద్దామేటి?" అని. "నీకెందుకమ్మా, నువ్వు తోలు" అన్నాడు.

మే నెల వచ్చింది. దేవరాపల్లిలో రాజ్యం అన్నగారి మనవరాలికి ఓణీల ఫంక్షను. ముందురోజు అశ్విని మళ్లీ అంది. "ఎండలు మండిపోతన్నాయి మావయ్యా. ఆ టైర్లతో వద్దు. నేనూ అత్తయ్యా ఆటోలో పోతాం." సత్యారావు కంచం దగ్గర కూచుని ఉన్నాడు. "వాకిట్లో అంత కారు పెట్టుకుని ఆటోలో దిగితే మా బావమరిది ముందు నా తలకాయెక్కడ పెట్టుకోవాలి? కార్లోనే పోండి" అన్నాడు. రాజ్యం కూడా వంటింట్లోంచి "కార్లోనే పోదామే, పట్టుచీర నలిగిపోతాది" అంది.

దేవరాపల్లి ఇంకా మూడు కిలోమీటర్లుందనగా ముందు ఎడమ టైరు పేలింది. కారు కల్వర్టు గోడకి గుద్దుకుంది. అశ్వినికి కుడిచెయ్యి విరిగింది. ఎడమవేపు కూచున్న రాజ్యం ఆస్పత్రి దాకా కూడా రాలేదు.

ఆ తర్వాత ఊరు ఊరంతా ఒక్కటే మాట. ఆడగుంట చేతికి బండిచ్చేరు, స్పీడుగా తోలీసింది, అత్తని చంపీసింది. టైరు పేలడం ఏటి, స్పీడుగా తోలితే ఏదైనా పేలుతుంది అన్నారు. పదకొండో రోజు కార్యానికి చుట్టాలంతా భోజనాల దగ్గర కూచున్నప్పుడు, సత్యారావు చెల్లెలు అచ్చియ్యమ్మ లేచి నిలబడి మరీ అంది. "నా వదినని నమిలి మింగీసింది. దీనికి లైసెన్సు ఎవడిచ్చేడో గానీ, వాడి చెయ్యి పడిపోను." చేతికి పిండికట్టుతో గుమ్మం పక్కన నిలబడున్న అశ్విని ఎవరివేపూ చూడలేదు. సత్యారావు వేపు చూసింది. ఒక్క ఆయన వేపే. ఆయన విస్తట్లోకి చూస్తూ అన్నం కలుపుకున్నాడు. కలిపిన అన్నమే మళ్లీ కలిపేడు.

అదీ ఆ మాట. 'దానిది కాదు తప్పు, టైర్లు మార్చమని నాకు చెప్పింది, నేనే వద్దన్నాను.' ఎంతసేపు పడుతుంది అనడానికి? ఆరోజు రాలేదు. మర్నాడు రాలేదు. నెల మాసికం అయ్యేక అశ్విని అనకాపల్లిలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఉమామహేష్ వెళ్లొద్దనలేదు, తర్వాత ఫోనూ చెయ్యలేదు. అమ్మని తల్చుకున్నప్పుడల్లా వాడికి పెళ్లాం మీద కక్షే వచ్చేది. సత్యారావు అదీ చూస్తూనే ఉన్నాడు. చెప్తే కొడుకు తన మొహం చూడడు. చెప్పకపోతే ఆ పిల్ల మొహం ఎవరూ చూడరు. ఈ రెంటి మధ్యా మనిషి మొద్దుబారిపోయి, ఎద్దులకి మేత వేసుకుంటూ, టీవీ చూసుకుంటూ, అయిదు నెలలు గడిపీసేడు.

ఇప్పుడు కారొచ్చింది. ఉమామహేష్‌కి కంపెనీవాళ్లు చింతపల్లి వేపు రోడ్డుపని అప్పజెప్పేరు. నవంబరు నుంచి వారానికి నాలుగురోజులు లంబసింగి మీదుగా ఘాట్ ఎక్కాలి. పేలిన టైరు చోట షెడ్డువాళ్లు స్టెప్నీ బిగించి పంపేరు, మిగతా మూడూ పాతవే.

"నాలుగూ మార్పించీస్తాను నాన్నా. నువ్వూ రా, టైర్ల సంగతి నీకు తెలుసు కదా" అన్నాడు ఉమామహేష్.

వాడు మామూలుగానే అన్నాడు. సత్యారావు "ఊఁ" అని చొక్కా తొడుక్కున్నాడు.

చోడవరంలో మూడు టైర్ల షాపులున్నాయి. వేరేదానికి పోదాం అనొచ్చు. అనలేదు. కొడుకు తిన్నగా చంద్రమోహన్ షాపు ముందు ఆపుతుంటే ఆయన ముందుకి చూస్తూ కూచున్నాడు. ఇప్పుడు చంద్రమోహన్ నోరు విప్పితే అయిపోతుంది అనుకున్నాడు. అయిపోతే బాగుణ్ను అని కూడా అనుకున్నాడు. భయం మాత్రం వెయ్యలేదు, అదే విడ్డూరం.

చంద్రమోహన్ కారుని చూసి లేచేడు. సత్యారావుని చూసేడు. "రండి బాబూ, కూకోండి" అని ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసేడు.

"చంద్రమోహన్ గారూ, నేను కొండెక్కాలి, లంబసింగి మీదుగా" అన్నాడు ఉమామహేష్. "యూట్యూబులో చూసేను, చలికాలానికి వేరే టైర్లుంటాయంట కదా. వింటర్ టైర్లు. దొరుకుతాయా?"

చంద్రమోహన్‌కి ప్రాణం లేచొచ్చింది. తనకి తెలిసిన సంగతి వచ్చింది మరి. "ఓర్నాయనో! అవి మంచు గడ్డకట్టే దేశాలకి బాబూ. రబ్బరు మెత్తగుంటాది, చలికి బిగుసుకుపోకుండా. ఇక్కడేస్తే ఏటవుతాదో తెలుసా? లంబసింగిలో తెల్లారి చలే గానీ పదింటికల్లా ఎండ. కొండ దిగి నర్సీపట్నం వచ్చేసరికి ఆ మెత్త రబ్బరు బడిపిల్లల లబ్బరులాగ అరిగిపోతాది. మొన్నొకాయన ఇలాగే చైన్లు కూడా కావాలన్నాడు, టైర్లకి గొలుసులు! ఏ కొండకి పోతన్నారు బాబూ అంటే, అరకు అన్నాడు."

ఉమామహేష్ నవ్వేడు. అమ్మ పోయాక వాడు నవ్వడం సత్యారావు చూడటం అదే మొదలు. ఆ నవ్వు కూడా ఆయన్ని తాకలేదు.

"మరి నాకేది మంచిది?"

"తడిలో పట్టుండాలి బాబూ మీకు. కొండమీద పొగమంచు పడితే రోడ్డు తడిసిపోతాది, వానపడ్డట్టే. దీన్ని సూడండి, మధ్యలో నీళ్లు పోడానికి వెడల్పు గాట్లు. కాస్త సౌండొస్తాది, రానీండి. ఆ రెండోది బాగా నడుస్తాది, సౌండు లేదు, కానీ తడిలో దీనంత పట్టు లేదు. ఇంకోటుంది, గొప్ప గాట్లు, మట్టిరోడ్డుకి. మీ సైటు దాకా తారే కదా? అక్కర్లేదు. సైజు మాత్రం కంపెనీ ఇచ్చిందే వెయ్యండి. షోకుకి పెద్దవి వేస్తే బ్రేకేసేక బండి ఆగే దూరం మారిపోతాది."

ఉమామహేష్ ఒక్కో టైరూ దొర్లించి చూసేడు, చేత్తో తడిమేడు. అన్నీ అడిగేడు. ఇంజనీరు బుద్ధి కదా, ఊరుకోడు. చివరికి మొదటిదే ఖాయం చేసేడు. చంద్రమోహన్ నాలుగూ లోపల్నుంచి తెచ్చి వరసగా పెట్టేడు. పనివాడు కంప్రెసర్ ఆన్ చేసేడు.

"దీని మీద ఈ నాలుగంకెలేటి?" అన్నాడు ఉమామహేష్, కొత్త టైరు పక్కన గొంతుక్కూచుని.

చంద్రమోహన్ చెయ్యి ఆగింది. సత్యారావు వేపు చూసేడు. సత్యారావు అతని వేపే చూస్తున్నాడు.

"అది... తయారైన తేదీ బాబూ. ముందు రెండంకెలూ వారం, తర్వాత రెండూ సంవత్సరం."

"ఓహో" అని ఉమామహేష్ లేచి కారు దగ్గరికెళ్లేడు. వెనక టైరు దగ్గర వంగి, బురద గోటితో గీకి చదివేడు. "ముప్ఫై నాలుగు, పదిహేడు. అంటే రెండువేల పదిహేడులో ముప్ఫై నాలుగో వారం." రెండోవేపు వెళ్లేడు. అదే. ముందు కుడిది, అదే. మూడోదాని దగ్గర వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"ఏడేళ్లు దాటిపోయిందా వీటికి?" అన్నాడు లేచి. "ఇలాంటివి ఎన్నాళ్లకి మార్చాలి?"

"అయిదారేళ్లకి బాబూ. అరక్కపోయినా." చంద్రమోహన్ గొంతు బాగా తగ్గిపోయింది. అంతకంటే ఒక్కమాట ఎక్కువ చెప్పలేదు. గిరాకీ ఇంటి గుట్టు కాపాడుతున్నాననే అనుకున్నాడు పాపం.

ఉమామహేష్ కారుకి ఆనుకున్నాడు. మొహం ఎర్రబడింది. "అంటే అమ్మ ఎక్కింది ఈ టైర్ల మీదా" అన్నాడు. తర్వాత పళ్లు బిగించి, "ఎప్పుడూ తోలేది తనే కదా నాన్నా. ఇంత చదువుకుంది. కిందకి దిగి ఒక్కసారి టైరు చూసుకోవద్దా? స్పీడే అనుకున్నాను, బండి బాగోగులు కూడా పట్టలేదన్నమాట. నాకిప్పుడు బాగా తెలిసింది అశ్విని ఎలాంటిదో" అన్నాడు.

సత్యారావు ఆ మాట విన్నాడు. ఇది కూడా దాని నెత్తినే పడింది అనుకున్నాడు. తను రూపాయి బిళ్ల పెట్టిన టైరు, తను పరువని పంపిన కారు, అన్నీ వరసగా పోయి ఆ పిల్ల నెత్తినే పడుతున్నాయి. తను ఊరికే కూచుంటే చాలు, అవే వెళ్లి పడతాయి. అయిదు నెలలూ ఆయన చేసిందదే.

"మహేషూ."

"ఏటి నాన్నా?"

"అది సూసుకుంది." గొంతు ఎవరిదో అనిపించింది ఆయనకే. "అది సూసుకుంది. నాకు సెప్పింది. ఈ చంద్రమోహనూ సెప్పేడు, ఇదిగో ఇక్కడే, ఏప్రిల్లో. నాలుగూ మార్చీమన్నాడు. నేనే వద్దన్నాను. గాట్లున్నాయి కదా అన్నాను. అశ్విని ముందురోజు కూడా అంది, ఆటోలో పోతామని. నేనే కార్లో పొమ్మన్నాను."

కంప్రెసర్ దడదడలాడుతూనే ఉంది. పనివాడు అటూ ఇటూ చూసి దాన్ని ఆపేడు.

ఉమామహేష్ చంద్రమోహన్ వేపు తిరిగేడు. చంద్రమోహన్ తల దించుకున్నాడు. అది చాలింది.

"ముందురోజు కూడా సెప్పిందా?"

"ఊఁ."

"అచ్చియ్యమ్మత్త అందరి ముందూ దాన్ని అన్నన్ని మాటలంటంటే, నువ్వక్కడే కూసున్నావు. నా పక్కన."

"కూసున్నాను."

"నేను దాంతో మాట మానీసేను, నాన్నా. అయిదు నెలలు. దాని చెయ్యి కట్టు విప్పించడానికి కూడా నేను వెళ్లలేదు. నువ్వు సూస్తా ఉన్నావు."

కొడుకు కొట్టినా బాగుణ్ననిపించింది సత్యారావుకి. కొట్టలేదు. జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి తండ్రి చేతిలో పెట్టేడు. "నువ్వే సెప్పు" అన్నాడు.

చాలాసేపు మోగింది. ఇక ఎత్తదనుకుంటుంటే ఎత్తింది. "ఏటండీ?" అంది అశ్విని. భయం భయంగా అంది, అన్నాళ్ల తర్వాత ఆ నంబరు నుంచి ఫోనంటే మళ్లీ ఎవరికేటయిందో అని.

"నేనమ్మా, మావయ్యని."

స్పీకరు పెట్టినా సత్యారావు ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"మహేష్‌కి సెప్పీసేను అమ్మా. టైర్ల సంగతి. నువ్వు సెప్పేవని, నేనే వద్దన్నానని. అన్నీ సెప్పీసేను."

ఎక్కడో కుక్కరు కూత వినబడింది ఫోన్లో.

"ఇప్పుడా మావయ్యా?" అంది.

కోపంగా అనుంటే ఆయన తట్టుకునేవాడు. బస్సు తప్పిపోయినవాళ్లు అడిగినట్టు, మామూలుగా అడిగింది.

"పదకొండో రోజున సెప్తారనుకున్నాను. తర్వాత నెల మాసికానికి సెప్తారనుకున్నాను. నేను బట్టలు సర్దుకుంటంటే మీరు గుమ్మంలో నిలబడ్డారు, అప్పుడైనా సెప్తారనుకున్నాను. తర్వాత అనుకోవడం మానీసేను. నా నోటితో నేనే సెప్తే మీ మీద తోసేస్తన్నానంటారని ఊరుకున్నాను. ఆయన పక్కనున్నారా?"

"ఉన్నాడమ్మా. వింటన్నాడు."

"విననీండి. మీకు రెండుసార్లు సెప్పేను మావయ్యా. మూడోసారి సెప్పలేదు. తాళం నా చేతిలోనే ఉంది. తోలనని కూకుంటే మీరేం చేద్దురు? తెలిసీ అత్తయ్యని ఎక్కించుకున్నాను. అది నా తప్పు. దానికి నేను రోజూ ఏడుస్తన్నాను." ఆగింది. "నా వంతు నేనే ఏడుస్తాను గానీ, మీ వంతు నేను ఏడవలేను. మీది మీరే ఏడవండి."

ఫోను పెట్టీసింది.

సత్యారావు ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత దింపేడు. వరసగా పెట్టిన కొత్త టైర్ల మీద కూలబడ్డాడు. ముందు దగ్గొచ్చింది. నీళ్లు కావాలేమో అని చంద్రమోహన్ సీసా తెచ్చేలోపు అది దగ్గు కాదని తెలిసిపోయింది. రాజ్యం పట్టుచీర నలిగిపోతాదని వంటింట్లోంచి అన్న గొంతు ఆయన చెవిలో పడింది, అన్నాక అన్నం వడ్డించడానికి వచ్చిన మనిషి కళ్లముందు కనబడింది. రాజ్యం లేదు. ఆ సంగతి ఆయనకి అప్పుడు తెలిసింది. రోడ్డు పక్కన, పట్టపగలు, అరవై రెండేళ్ల మనిషి ఒళ్లంతా ఊగిపోయేలా ఏడ్చేడు. రోడ్డు మీద పోయే ఆటోలు కూడా నెమ్మదించేయి.

"బాబూ, బాబూ, ఊరుకోండి. అందరూ సూస్తన్నారు" అని చంద్రమోహన్ భుజాలు పట్టుకోబోయేడు.

"వదిలీండి" అన్నాడు ఉమామహేష్. వాడి కళ్లూ నీళ్లతోనే ఉన్నాయి, కానీ తండ్రి దగ్గరికి ఒక్క అడుగు వెయ్యలేదు. "అయిదు నెలలు లేటయ్యింది. ఏడవనీండి."

తండ్రి చేతిలోంచి జారి కింద పడిన ఫోను తీసుకుని, మళ్లీ అశ్వినికి చెయ్యడానికి వాడు రోడ్డు మీదికి నడిచేడు.